హంపిలో ఏ బండి ఎక్కాలి, ఎక్కడ దిగి నడవాలి

హంపి అంటే ఒక గుడి కాదు. గోపురం కనిపించగానే చెప్పులు వదిలి, దర్శనం చేసుకుని గంటలో బయటపడే చోటు అసలే కాదు. తుంగభద్ర ఒడ్డున నలభై చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న పాత రాజధాని అది. 1986లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. విరూపాక్షుడు ఒక మూల, విఠలాలయం ఇంకో మూల, మధ్యలో రాణివాసాలు, ఏరు దాటితే ఆనెగొంది ఊరు, అంజనాద్రి కొండ. అందుకే అక్కడ మీ రోజు హాయిగా గడుస్తుందా, ఎండలో విసుక్కుంటూ గడుస్తుందా అన్నది ఎలా తిరుగుతారన్నదాని మీదే ఉంటుంది. సొంత కారు ఉంటే ఇక దిగులు లేదనుకుంటారు చాలామంది. నన్నడిగితే హంపి లోపల అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది కారే. ఎందుకో కింద చెబుతాను.

ముందు మ్యాపు బుర్రకెక్కించుకోండి

బయల్దేరే ముందే ఊరిని నాలుగు ముక్కలుగా విడగొట్టుకోండి. మొదటిది హంపి బజారు: విరూపాక్ష ఆలయం, దాని పక్కనే హేమకూటం గుట్ట, సాసివెకాళు గణపతి, కడలెకాళు గణపతి, కాస్త ముందుకెళ్తే కృష్ణాలయం, లక్ష్మీనరసింహుడు, బడవిలింగం. రెండోది హంపి పక్క ఊరు కమలాపురం వైపు ఉన్న రాజప్రాసాదాల ప్రాంతం: హజార రామాలయం, మహానవమి దిబ్బ, మెట్ల కోనేరు, లోటస్ మహల్, ఏనుగుల శాల, రాణి స్నానాల గది. మూడోది రాతి రథం ఉన్న విఠలాలయం. నాలుగోది ఏటి అవతల.

ఇందులో ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే చాలు, మీ ప్లానంతా దాని చుట్టూ తిరుగుతుంది. విరూపాక్షుడి దగ్గర్నుంచి విఠలాలయానికి ఏటి ఒడ్డున నడిస్తే సుమారు రెండు కిలోమీటర్లు. అదే బండి మీద పోవాలంటే కమలాపురం మీదుగా చుట్టు తిరిగి దాదాపు తొమ్మిది పది కిలోమీటర్లు. మధ్యలో కొండలు, బండరాళ్లు అడ్డం. నడిచే దారిలో చక్రం పోదు.

హోస్పేట దాకా చేరడం

మీరు ఏ మూల నుంచి వచ్చినా రైలైతే హోస్పేటలోనే దిగాలి. రైల్వే వాళ్ల దగ్గర ఇప్పుడు పేరు హొసపేటె, స్టేషన్ కోడ్ హెచ్‌పీటీ. అక్కణ్నుంచి హంపి 13 కిలోమీటర్లు. కోస్తా నుంచి వచ్చేవాళ్లకు విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు మీదుగా హుబ్బళ్ళి వైపు పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఇక్కడికి చేరుస్తుంది. తిరుపతి వైపు వాళ్లకు కొల్హాపూర్ వెళ్లే హరిప్రియ ఉంది. అనంతపురం, ధర్మవరం వాళ్లకు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు హంపి ఎక్స్‌ప్రెస్ చాలా అనువైనది. రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున్నే హోస్పేటలో లేస్తారు. నేరుగా టికెట్ దొరక్కపోతే టెన్షన్ పడకండి. ఏదో ఒక రైల్లో గుంతకల్లు చేరండి. అక్కణ్నుంచి బళ్ళారి మీదుగా హోస్పేట 115 కిలోమీటర్లు మాత్రమే. ఆ దారిలో రైళ్లూ ఉన్నాయి, బళ్ళారి నుంచి బస్సులూ విరివిగా తిరుగుతాయి.

హైదరాబాద్ వాళ్లకు రాత్రి బస్సే సుఖం. సొంత బండిలో వస్తుంటే మాత్రం దారి ఎంచుకోవడంలో ఒక చిన్న కిటుకుంది. మహబూబ్‌నగర్, రాయచూరు, సింధనూరు, కారటగి, గంగావతి మీదుగా వస్తే మీరు ఏటికి ఉత్తరం వైపు తేలతారు. అంటే హంపి కంటే ముందు ఆనెగొంది, అంజనాద్రి వస్తాయి. వాటిని దాటేసి హంపికి పోయి, మర్నాడు మళ్లీ ఏరు దాటి రావడం దండగ. వచ్చేటప్పుడే చూసేసుకుని, తర్వాత వంతెన మీదుగా ఇవతలికి రండి. పైగా సింధనూరు, గంగావతి చుట్టుపక్కల పేరు చివర క్యాంపు అని ఉండే ఊళ్లు చాలానే తగులుతాయి. తుంగభద్ర ఆనకట్ట కట్టాక కోస్తా నుంచి వెళ్లి వరి సాగు చేసుకుంటూ స్థిరపడ్డ తెలుగు రైతుల ఊళ్లవి. దారి అడగడానికి భాష కష్టం ఉండదు, భోజనంలో పప్పూ పచ్చడీ తగిలినా ఆశ్చర్యపోకండి.

కర్నూలు, అనంతపురం నుంచి వచ్చేవాళ్లు బళ్ళారి మీదుగా వస్తారు కాబట్టి నేరుగా ఇవతలి ఒడ్డుకే చేరతారు. విమానం కావాలంటే తోరణగల్లులో జిందాల్ వాళ్ల చిన్న విమానాశ్రయం ఉంది, హోస్పేటకు 30 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కానీ సర్వీసులు తక్కువ. వాటిని నమ్ముకుని సెలవులు పెట్టుకోవద్దు.

హోస్పేట నుంచి హంపికి

స్టేషన్ బయటికి రాగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు. హంపి మొత్తం చూపిస్తామంటూ ఫొటోలున్న కార్డు చేతిలో పెడతారు. అక్కడే బేరం కుదుర్చుకోనవసరం లేదు. ఒంటరిగానో ఇద్దరుగానో ఉంటే ముందు బస్టాండుకు చేరండి, అక్కణ్నుంచి హంపికి సర్కారు బస్సులు రోజంతా తిరుగుతూనే ఉంటాయి. అరగంట ప్రయాణం. బోర్డు కన్నడంలో ఉంటుంది గానీ మనకు అంత ఇబ్బంది లేదు, హంపి అన్న రెండక్షరాలు తెలుగు చదివేవాళ్లకు ఇట్టే పట్టుబడతాయి. బస్సు మిమ్మల్ని విరూపాక్ష గోపురానికి నడిచేంత దూరంలోనే దింపుతుంది. నలుగురైదుగురు ఉన్నారు, వెంట సామాను ఉంది అంటే మాత్రం హోస్పేటలోనే రోజంతటికీ ఆటో మాట్లాడుకోవడం మేలు.

బస గురించి ఒక మాట, ఎందుకంటే దాన్నిబట్టే తిరుగుడు మారుతుంది. హోస్పేటలో హోటళ్లు ఎక్కువ, కానీ రోజూ పోనూ రానూ 26 కిలోమీటర్లు. కమలాపురంలో ఉంటే రెండో ముక్క, మూడో ముక్క రెండూ దగ్గరే. హంపి ఊళ్లో చిన్న చిన్న గదులు దొరుకుతాయి. సూర్యోదయానికి మాతంగ పర్వతం ఎక్కాలనుకునేవాళ్లు అక్కడే ఉండాలి. ముసలివాళ్లతో వచ్చేవాళ్లకు నేను కమలాపురమే చెబుతాను.

లోపల తిరగడానికి: ఆటో, ఎక్సెల్, సైకిలు, కాళ్లు

ఆటో మాట్లాడేటప్పుడు రేటు కంటే ముందు చోట్ల పేర్లు మాట్లాడండి. "హంపి మొత్తం" అన్న మాటకు అక్కడ అర్థం లేదు. ఒకరి లెక్కలో మొత్తం అంటే ఏడు చోట్లు, ఇంకొకరి లెక్కలో పదిహేను. కాగితం మీద రాసుకుని అడగండి: కృష్ణాలయం, నరసింహుడు, భూగర్భ శివాలయం, లోటస్ మహల్, హజార రామాలయం, మహానవమి దిబ్బ, రాణి స్నానాల గది, విఠలాలయం. వీలైతే కంప్లి దారిలో ఉన్న మాల్యవంత రఘునాథాలయం, సాయంత్రం పూట. ఎన్ని గంటలకు మొదలు, ఎన్నింటికి వదిలిపెట్టాలి, వెయిటింగు కలిపేనా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. చాలామందికి తెలుగు అర్థమవుతుంది, కొందరు బాగానే మాట్లాడతారు. బళ్ళారి సీమ అది మరి.

ఆటో తీసుకుంటే ఒక షరతు తప్పకుండా పెట్టండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్నే గుర్తుంచుకోండి. పొద్దున్నే నేరుగా విఠలాలయానికి తీసుకెళ్లమనండి. అక్కడ దింపాక ఆటోను మీకోసం ఆపకండి. ఖాళీగా చుట్టు తిరిగి హంపి బజారుకు వచ్చి ఉండమనండి. మీరు విఠలాలయం చూసుకుని, ఏటి ఒడ్డున నడుచుకుంటూ బజారుకు చేరతారు. ఆ రెండు కిలోమీటర్లు ఒకసారే నడుస్తారు, తిరిగి వెనక్కి రానక్కర్లేదు. కొందరు ఆటోవాళ్లు మొదట ఒప్పుకోరు, మీరు దారి తప్పుతారంటారు. దారి తప్పేదేమీ లేదు, ఏరు ఎప్పుడూ మీ కుడి చేతివైపే ఉంటుంది.

ఆ నడకలో ఏముందంటారా? విఠలాలయం నుంచి బయల్దేరగానే రెండు రాతి స్తంభాల మీద అడ్డంగా పెట్టిన దూలం కనిపిస్తుంది. రాజుగారి తులాభారం అంటారు. దూలం కింద వైపు గొలుసులు తగిలించడానికి చెక్కిన రాతి కొక్కేలున్నాయి, తలెత్తి చూడండి. ఏట్లోకి దిగి ఉన్నది పురందరదాసు మండపం. ఆ తర్వాత సుగ్రీవుడి గుహ. ఎడమకు తిరిగితే అచ్యుతరాయాలయం, దాని ముందు ఖాళీగా పడి ఉన్న పొడవాటి పాత బజారు. మధ్యాహ్నం కూడా అక్కడ జనం పలచగానే ఉంటారు. విఠలాలయంలో ఫొటో కోసం తోసుకునేవాళ్లలో సగం మంది ఇటు రారు, ఎందుకంటే వాళ్ల బండి పార్కింగులో ఎదురుచూస్తుంటుంది. చక్రతీర్థం దగ్గర కోదండరామాలయం దాటి వస్తే హంపి బజారు చివరన ఎదురు బసవన్న. అక్కణ్నుంచి తిన్నగా గోపురం. చూసుకుంటూ వస్తే గంటన్నర పడుతుంది. మంచి పట్టున్న చెప్పులు, చేతిలో నీళ్ల సీసా ఉంటే చాలు.

ఎక్సెల్, అంటే టీవీఎస్ మోపెడ్, హంపి బజారు దగ్గర అద్దెకిస్తారు. ఇద్దరికైతే ఆటో కంటే చవక, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. తీసుకునే ముందు మూడు చూడండి. ట్యాంకు మూత తీసి పెట్రోలు ఎంతుందో కళ్లారా చూడండి, అడుగున ఉందంటే కమలాపురం వైపు పోయి ముందు కొట్టించుకోండి, గుళ్ల మధ్య బంకులుండవు. బ్రేకులు పట్టి చూడండి. గీతలుంటే బండివాడి ఎదుటే ఫోన్‌లో ఫొటో తీయండి. లైసెన్సు ఒరిజినల్ వెంట ఉంచుకోండి, కానీ అద్దెకిచ్చేవాడి దగ్గర వదిలిపెట్టకండి.

సైకిలు చలికాలంలో బాగుంటుంది, అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. హంపి బజారు నుంచి కృష్ణాలయం వైపు ఎత్తు ఎక్కాలి, కానీ అది దాటాక కమలాపురం దాకా దారి సుఖంగానే ఉంటుంది. మార్చి వచ్చిందంటే ఈ ఆలోచన మానుకోండి. ఎండ ఒక్క ఆకాశం నుంచే కాదు, చుట్టూ ఉన్న బండల నుంచి కూడా కొడుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆ రోడ్డు పెనం మీద నడిచినట్టే.

ఇక కారు. హంపి దాకా తెచ్చుకోండి, తప్పు లేదు. కానీ విరూపాక్షుడి రథవీధిలోకి రానివ్వరు, దూరంగా పార్కింగు. విఠలాలయం దగ్గరా అంతే, కిలోమీటరు ముందే ఆపేస్తారు. ఏటి ఒడ్డు దారిలో ఎలాగూ పోదు. అంటే ముఖ్యమైన మూడు చోట్లా కారు దిగి నడవాల్సిందే. పైగా నడిచినవాళ్లు కారు కోసం వెనక్కి రావాలి. డ్రైవర్ వేరే ఉంటే ఆటోకు చెప్పిన కిటుకే కారుకూ చెప్పండి. మీరే నడుపుతుంటే కమలాపురంలో బస దగ్గర పెట్టేసి, ఒక రోజుకు ఆటో మాట్లాడుకోండి. డబ్బు ఎక్కువైనట్టు అనిపిస్తుంది గానీ రోజంతా పార్కింగు వెతికే పని తప్పుతుంది.

విఠలాలయం దగ్గర బ్యాటరీ బండ్లు

వాహనాల పొగ, అదురు వల్ల రాళ్లు పాడవకూడదని విఠలాలయం దాకా బండ్లు పోనివ్వరు. గెజ్జల మండపం దగ్గర ఆపి, అక్కణ్నుంచి బ్యాటరీ బండ్లు నడుపుతారు. చాలా బండ్లను ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే నడుపుతారు. టికెట్ కొద్దిపాటిదే, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఇబ్బంది టికెట్ కాదు, వరుస. ఆదివారాలు, దసరా, సంక్రాంతి సెలవుల్లో పదకొండింటికి అక్కడికి చేరితే ఎండలో నిలబడాల్సి వస్తుంది. తెరిచే వేళకే చేరమనడం అందుకే. కాలు బాగున్నవాళ్లు ఆ కిలోమీటరూ నడిచిపోవచ్చు. దారి పక్కనే కుదురెగొంబె మండపం, పెద్ద పుష్కరిణి ఉన్నాయి. బండి ఎక్కితే అవి పక్కనుంచి జారిపోతాయి, మధ్యలో ఆపరు.

లోపలికి పురావస్తు శాఖ టికెట్ మనవాళ్లకు 40 రూపాయలు. దాన్ని జేబులో భద్రంగా పెట్టుకోండి. అదే రోజు లోటస్ మహల్, ఏనుగుల శాల ఉన్న ఆవరణకూ, కమలాపురం మ్యూజియానికీ అదే టికెట్ చెల్లుతుంది. చాలామంది తెలియక పారేసి మళ్లీ కొంటారు. మ్యూజియం శుక్రవారం సెలవు. 50 రూపాయల నోటు వెనకున్న రాతి రథం ఇక్కడిదే. నోటు పక్కన పట్టుకుని ఫొటో తీసుకోవడం ఇప్పుడొక ఆచారమైపోయింది, మీరూ తీసుకోండి, కానీ రథం మీద చెయ్యి వేయనివ్వరు.

నడక ముగించుకుని బజారుకు చేరేసరికి విరూపాక్షుడి గుడి మధ్యాహ్నం మూసే వేళ దగ్గర పడుతుంది. దర్శనం ముఖ్యమనుకునేవాళ్లు విఠలాలయంలో కాస్త తొందరపడాలి, లేదా సాయంత్రం తెరిచాక వెళ్లాలి. భోంచేసి ఆటో ఎక్కి కృష్ణాలయం వైపు రండి. 1513 ప్రాంతంలో ఉదయగిరి కోట గెలిచి అక్కణ్నుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కృష్ణదేవరాయలు కట్టించిన గుడి ఇది. ఆ ఉదయగిరి మన నెల్లూరు జిల్లాదే. అంతకు ముందే హేమకూటం దిగువన కనిపించే సాసివెకాళు గణపతి మండపాన్ని 1506లో చంద్రగిరి వ్యాపారి ఒకాయన కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. అప్పట్లో చంద్రగిరి నుంచి ఎడ్లబండి మీద ఎన్నాళ్లు పట్టేదో మరి.

ఆ తర్వాత నరసింహుడు, రాజప్రాసాదాలు, రాణి స్నానాల గది అన్నీ కమలాపురం దారిలో వరుసగానే వస్తాయి, ఇక్కడ బండి బాగా పనికొస్తుంది. ఎక్కడం, దిగడం, అంతే.

ఏరు దాటాలంటే

ఏటి అవతలికి మూడు దారులు. విరూపాక్షాలయం వెనక రేవు నుంచి మోటారు పడవ అవతలి విరూపాపుర గడ్డకు పోతుంది. దిగాక అటువైపు ఆటో మాట్లాడుకుని అంజనాద్రికి వెళ్లొచ్చు. సాయంత్రమయ్యాక పడవ ఉండదు, కాబట్టి అంజనాద్రి మీద సూర్యాస్తమయం చూసి పడవలో వద్దామంటే కుదరదు. గడ్డ మీద ఒకప్పుడు విదేశీయులతో నిండిపోయి ఉండే రిసార్టులు కోర్టు ఆదేశంతో 2020లో కూల్చేశారు. పాత వీడియోలు చూసి అక్కడ గది దొరుకుతుందని పోవద్దు.

రెండోది తలారిఘట్ట నుంచి ఆనెగొందికి పుట్టి. గుండ్రటి పుట్టిలో ఏరు దాటడం పిల్లలకు సరదా. కానీ అంతా నీటి మీద ఆధారపడి ఉంటుంది. వానాకాలంలో తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తితే పుట్లూ పడవలూ రెండూ బంద్. పురందర మండపం నీళ్లలో మునిగిందంటే ఇక ఆశ వదులుకోవచ్చు. కాబట్టి జులై నుంచి అక్టోబరు మధ్య వెళ్లేవాళ్లు డ్యాం గేట్ల వార్తలు చూసుకుని బయల్దేరండి. అనంతపురం, కర్నూలు వాళ్లకు ఆ వార్తలు ఎలాగూ రోజూ పేపర్లో కనిపించేవే. మంత్రాలయం చూసుకుని నవబృందావనానికి వచ్చే మాధ్వ భక్తులకు ఇది మరీ ముఖ్యం. మాధ్వ యతుల బృందావనాలున్న ఆ చోటు ఏటి మధ్య దీవి, ఆనెగొంది నుంచి పడవ తప్ప వేరే దారి లేదు.

మూడోది రోడ్డు. బుక్కసాగర, కడెబాగిలు వంతెన మీదుగా ఆనెగొంది చేరొచ్చు. ఏడాది పొడవునా నమ్ముకోగలిగింది ఇదొక్కటే. ఆటో మాట్లాడేటప్పుడు అవతలి ఒడ్డు కావాలంటే ఆ మాట విడిగా చెప్పాలి, రేటూ విడిగానే ఉంటుంది. మరీ తొందరలేకపోతే దీనికి రెండో రోజు కేటాయించండి. అంజనాద్రికి 575 మెట్లు. మెట్ల దాకా బండి పోతుంది, ఆ పైన ఎవరి కాళ్లు వాళ్లవే. పొద్దున ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెడితే ఎండ తగలకుండా దిగొచ్చు. హనుమంతుడు పుట్టింది ఇక్కడా, మన తిరుమల అంజనాద్రిలోనా అన్న వాదన కొండ మీద ఎత్తకపోవడం మంచిది.

పెద్దవాళ్లు, పిల్లలు, పండగ రోజులు

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఏటి ఒడ్డు నడక వాళ్లకు వద్దు. వాళ్లను బ్యాటరీ బండిలో వెనక్కి పంపి, ఆటోలో బజారుకు రమ్మనండి, నడిచేవాళ్లు నడిచి రండి. ఇద్దరూ దాదాపు ఒకే వేళకు కలుస్తారు. విరూపాక్షాలయం ప్రాంగణం చదునుగానే ఉంటుంది, విఠలాలయంలో ఎత్తుపల్లాలున్నాయి. మహానవమి దిబ్బ కింద నుంచి చూస్తే చాలు.

చైత్రమాసంలో విరూపాక్షుడి రథోత్సవం జరిగే రోజు, హంపి ఉత్సవం రోజులు వేరే లెక్క. బండ్లన్నీ దూరంగానే ఆపేసి ప్రత్యేక బస్సుల్లో పంపిస్తారు, ఆటో రేట్లకు పట్టపగ్గాలుండవు. రథం చూడటానికే వెళ్తే సరే. గుళ్లు తీరిగ్గా చూడాలంటే ఆ రోజులు తప్పించి, వారం మధ్యలో వెళ్లండి.

తిరుగు ప్రయాణానికి రాత్రి రైలుంటే చీకటి పడేదాకా హంపిలో ఉండిపోకండి. చివరి బస్సు ఎప్పుడో పొద్దున దిగినప్పుడే కండక్టర్‌ని అడిగి పెట్టుకోండి. అది తప్పితే హోస్పేటకు ఆటోయే గతి, ఆ వేళకు బేరం వాళ్ల చేతిలో ఉంటుంది. రోజంతటికీ ఆటో మాట్లాడుకున్నవాళ్లు స్టేషన్ దగ్గర దింపడం కూడా పొద్దుటి బేరంలోనే కలిపేసుకోండి.